సింహం చిక్కిపోయేనాటికే ఆలస్యం: అడవి జంతువుల్లో క్షయపై వరంగల్ స్టూడియో చర్చ

(హనుమకొండలోని స్టూడియోలో రికార్డు చేసిన చర్చకు అక్షర రూపం ఇది. ఇందులో నలుగురు పాల్గొన్నారు: అడవి జంతువుల శవపరీక్షల్లో ఏళ్ల అనుభవమున్న పశువైద్యుడు, ఏటూరునాగారం, కవ్వాల్ అడవుల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న అటవీ అధికారి, వరంగల్‌లో క్షయ రోగులను చూసే ఛాతీ వైద్యురాలు, తాడ్వాయి వైపు నుంచి వచ్చిన పాడి రైతు. పేర్లు వద్దని వారు కోరడంతో వృత్తులే రాశాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం అంశం సింహాల్లో క్షయ. ములుగు అడవిలో సింహం లేదు కదా, మనకెందుకు అని ప్రోమో చూసినవాళ్లు చాలామంది అడిగారు. సింహం లేకపోయినా పెద్దపులి వచ్చిపోతోంది, చిరుత ఉంది, అడవిదున్న ఉంది. వాటి నీళ్లే తాగే మన గొడ్లూ ఉన్నాయి. ఆఫ్రికాలో సింహాన్ని పట్టిన జబ్బు మొదట పశువుల మందలోదే. అందుకే ఈ చర్చ. డాక్టర్ గారూ, నిన్నటిదాకా మందను ఏలిన సింహం చూస్తుండగానే డొక్కలు ఎండిపోయి, నిలబడలేని స్థితికి వస్తుందంటారు. నిజంగా అంత త్వరగా కూలిపోతుందా?

పశువైద్యుడు: మన కంటికి అలా కనిపిస్తుంది. జబ్బు మాత్రం ఎప్పుడో మొదలై ఉంటుంది. క్షయ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మామూలు సూక్ష్మజీవులను ప్రయోగశాలలో పెంచితే మర్నాటికి కనిపిస్తాయి. దీనికి వారాలు పడుతుంది. సింహం ఒంట్లో నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. చెదలు తొలిచిన దూలం పైకి నున్నగానే ఉండి, బరువు పడ్డ రోజున విరుగుతుంది. సింహానికి ఆ బరువు వేట. రోజులో ఎక్కువ భాగం పడుకుని ఉండే జంతువు అది. పడుకున్నదాన్ని చూసి ఊపిరితిత్తులు ఎంత పాడయ్యాయో ఎవరు చెప్పగలరు? దున్న వెంట పరుగెత్తాల్సి వచ్చినప్పుడు ఆయాసం బయటపడుతుంది. ఒక వేట తప్పుతుంది, మరొకటి తప్పుతుంది. మిగతావి వేటాడి తెచ్చినా తిండి దగ్గర కొట్లాడే ఓపిక ఉండదు. ఆ తర్వాత పతనం నిజంగానే వేగంగా సాగుతుంది. చూసినవాళ్లు ‘హఠాత్తుగా’ అనేది ఆ చివరి దశను మాత్రమే.

వ్యాఖ్యాత: పైకి కనిపించే గుర్తులేమైనా ఉంటాయా?

పశువైద్యుడు: ఉంటాయి, కానీ ఆలస్యంగా. ఇదిగో, ఇక్కడ. (తన మోచేతిని మడిచి, ఎముక పొడుచుకొచ్చిన చోటును వేలితో చూపించారు.) ముందుకాలికి సరిగ్గా ఈ చోట నీరు చేరి వాపు వస్తుంది. ఆఫ్రికా పరిశోధకులు క్షయ సోకిన సింహాల్లో పదే పదే గమనించిన గుర్తు ఇది. క్రిమి ఎముకలకు, కీళ్లకు చేరితే కుంటుతుంది. కంట్లో తెల్లటి పొర కమ్ముతుంది. చిన్న గాయం కూడా మానదు. వెంట్రుకలు మెరుపు కోల్పోయి గరుకుగా తయారవుతాయి. వీటిలో రెండు మూడు కలిసి కనిపించాయంటే ఆ జంతువుకు రోజులు దగ్గరపడ్డాయనే అర్థం.

అటవీ అధికారి: ఒక్క మాట. బక్కచిక్కిన ప్రతి జంతువుకూ క్షయ ముద్ర వేయకూడదు. ముసలితనం, పళ్లు అరగడం, ఉచ్చు బిగుసుకుని కాలు పాడవడం, ముళ్లపంది ముల్లు దిగి చీము పట్టడం, వీటన్నిటితోనూ పెద్ద పిల్లి చిక్కిపోతుంది. అడవిలో నేను చూసిన బక్క చిరుతల్లో ఎక్కువ వాటికి కారణం ఉచ్చులే.

పశువైద్యుడు: ఒప్పుకుంటాను. అందుకే శవపరీక్ష కావాలి. అక్కడ కూడా సింహం మోసం చేస్తుంది. క్షయ ఉన్న ఆవు ఊపిరితిత్తిని కోస్తే గడ్డలు తగులుతాయి, వాటిలో సున్నం పేరుకుని కత్తి కింద కరకరమంటుంది. పల్లెలో పనిచేసే పశువైద్యుడికి కూడా ఆ చప్పుడు తెలుసు. సింహంలో సాధారణంగా అలాంటి సున్నపు గడ్డలు కట్టవు. ఊపిరితిత్తి కాస్త గట్టిపడి, రంగు మారి ఉంటుంది. అలవాటు లేని కన్ను దాన్ని నిమోనియా అనుకుని వదిలేస్తుంది. ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి, క్రిమిని పెంచి చూడాలి. అప్పటిదాకా కాదనీ, అవుననీ చెప్పకూడదు.

వ్యాఖ్యాత: ఆఫ్రికాలో ఇది సింహం దాకా ఎలా వెళ్లింది?

పశువైద్యుడు: దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కు గురించి ఈ విషయంలో బాగా తెలుసు. దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్ల అడవి. దాని దక్షిణపు హద్దు క్రొకడైల్ నది. నదికి అవతల పశువుల మందలు. వాటిలో ఉన్న క్షయ నది దాటి అడవిదున్నలకు అంటుకుందని అక్కడి పరిశోధకుల నిర్ధారణ. అది ఎప్పుడో కొన్ని దశాబ్దాల ముందు జరిగింది. ఎవరూ గమనించలేదు. 1990లో దున్నలో మొదటిసారి బయటపడింది. సింహాల్లో 1995లో గుర్తించారు. దున్నలు గుంపులు గుంపులుగా ఒకదాన్ని ఒకటి ఆనుకుని బతుకుతాయి, ఊపిరితోనే ఒకదాని నుంచి మరోదానికి పాకుతుంది. అలా దక్షిణం నుంచి ఉత్తరానికి ఏడాదికింత చొప్పున జరుగుతూ, 2000 తర్వాతి దశకంలో పార్కు ఉత్తర కొసను చేరింది. జింబాబ్వే వైపు గొనరెజూ పార్కు దున్నల్లోనూ కనిపించింది.

వ్యాఖ్యాత: దున్నను తిన్న సింహానికి అంటుకుంటుంది, అంతేనా?

పశువైద్యుడు: ప్రధానమైన దారి అదే. ఏ దున్నను సింహం పట్టుకుంటుందో కూడా ఆలోచించండి. మందలో వెనకబడినదాన్ని. దగ్గుతూ, రొప్పుతూ నడిచేదాన్ని. అంటే జబ్బు ముదిరినదే ముందు సింహం నోట్లో పడుతుంది. ఇంకా ఊపిరితిత్తులు, మెడ దగ్గరి గ్రంథులు, కాలేయం లాంటి మెత్తని భాగాలను ఇష్టంగా తింటాయి. క్రిములు దండిగా ఉండేవీ అవే. తిండి దగ్గర సింహాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, నోటికి అంటిన క్రిమి ఆ గాయంలోకి వెళుతుంది. క్రూగర్ దక్షిణ భాగంలో పరీక్ష చేసిన సింహాల్లో సగానికి పైగా సోకినట్టు తేలిన అధ్యయనాలు ఉన్నాయి.

అటవీ అధికారి: అయినా అక్కడ సింహాలు అంతరించిపోలేదు. ఇది కూడా ప్రేక్షకులకు చెప్పాలి. మొదట్లో భయపడినంతగా క్రూగర్‌లో సింహాల మొత్తం సంఖ్య పడిపోలేదు.

పశువైద్యుడు: నిజమే. సోకిన ప్రతిదీ జబ్బుపడదు, జబ్బుపడినదీ వెంటనే చావదు. పెద్ద అడవి, ఎక్కువ జంతువులు ఉన్నచోట ఆ నష్టం పూడుతుంది. చిన్నచోట పూడదు. దక్షిణాఫ్రికాలోనే హ్లుహ్లువే-ఇంఫొలోజి అనే చిన్న పార్కు ఉంది. అక్కడి సింహాలన్నీ కొద్దిపాటి సింహాల సంతానమే. దగ్గరి రక్తంలోనే పుట్టుకలు. దానికి తోడు క్షయ. వాటి పరిస్థితి దిగజారిపోతే, బయటి నుంచి కొత్త సింహాలను తెచ్చి కలపాల్సి వచ్చింది. ఇది వినగానే నాకు గుజరాత్‌లోని మన గిర్ అడవి గుర్తుకొస్తుంది.

వ్యాఖ్యాత: గిర్ అన్నారు కాబట్టి 2018 సంగతి చెప్పండి. సార్, అప్పుడు మీరు సర్వీసులోనే ఉన్నారు కదా?

అటవీ అధికారి: ఉన్నాను. ఆ వార్తలను రోజూ చదివేవాళ్లం. 2018 సెప్టెంబరులో గిర్ తూర్పు విభాగం, దల్ఖానియా రేంజిలో వరసగా సింహాలు చనిపోయాయి. మూడు వారాల్లో 23. మొదట వాటిలో వాటికి కొట్లాట అన్నారు. తర్వాత పరీక్షల్లో కెనైన్ డిస్టెంపర్ అని తేలింది, కుక్కల్లో కనిపించే వైరస్. గోమార్ల ద్వారా వచ్చే బెబీసియా అనే రక్తంలోని పరాన్నజీవి కూడా కొన్నింటిలో ఉంది. అమెరికా నుంచి టీకాలు తెప్పించి, చుట్టుపక్కల సింహాలను పట్టి వేశారు. ఇది క్షయ కాదు, చేతికి వారాల వ్యవధి కూడా ఇవ్వని జబ్బు. అందుకే చెబుతున్నాను, ‘హఠాత్తు’ అన్న మాట వినగానే ముందు డిస్టెంపర్‌ను, విషాన్ని అనుమానించాలి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ దగ్గర దరిగావ్ అడవిలో రెండు పులులు చనిపోతే, చచ్చిన పశువుకు పట్టించిన విషమే కారణమని మా శాఖ దర్యాప్తులో తేలింది.

పాడి రైతు: గోమార్ల జబ్బు అంటే పశువుకు ఎర్ర మూత్రం పోసేదేనా సారూ?

పశువైద్యుడు: అదే కుటుంబం. సింహానికి వచ్చే క్రిమి రకం వేరు, మోసుకొచ్చేది మాత్రం గోమారే. మంచి సంగతి ఎత్తారు. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో దాదాపు 3 వేల సింహాల్లో మూడో వంతు చనిపోయాయి. ఊళ్లలోని కుక్కల నుంచి వచ్చిన డిస్టెంపర్ కారణం. కానీ అదే వైరస్ అంతకు ముందూ ఆ సింహాల్లో తిరిగింది, ఇంత చావు లేదు. ఆ ఏడు ఏం మారింది? దానికి ముందు పెద్ద కరువు. దున్నలు బక్కచిక్కి, ఒళ్లంతా గోమార్లతో కూలాయి. సింహాలకు తేలికైన తిండి దొరికింది, దానితోపాటు గోమార్లూ ఎక్కాయి, బెబీసియా ఒంట్లో పేరుకుంది. పైన వైరస్ వచ్చి ఉన్న రోగనిరోధక శక్తిని కూడా తీసేసింది. ఒక్క జబ్బు అయితే తట్టుకునే జంతువు రెండు కలిస్తే తట్టుకోలేదు. లోపల క్షయ ఉన్న జంతువు విషయంలో నా భయం కూడా ఇదే. దాన్ని పడగొట్టడానికి పైనుంచి చిన్న తోపు చాలు.

వ్యాఖ్యాత: మేడం, ఇప్పుడు మనుషుల వైపు రండి. ఈ క్షయ, మీరు రోజూ చూసే క్షయ ఒకటేనా?

ఛాతీ వైద్యురాలు: ఒకే కుటుంబంలో వేరు వేరు సభ్యులు. మనిషిలో ఎక్కువగా వచ్చేది మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్. రాబర్ట్ కాక్ 1882లో కనుగొన్నాడు. పశువుల్లో వచ్చేది మైకోబాక్టీరియం బోవిస్. మన దేశపు పశువుల్లో, జింకల్లో ఒరిజిస్ అనే ఇంకో రకం కూడా దొరుకుతోంది. బోవిస్ మనిషికీ సోకుతుంది. ముఖ్యమైన దారి పచ్చి పాలు. పాల ద్వారా వెళ్లినప్పుడు ఊపిరితిత్తుల కంటే మెడ గ్రంథుల్లో, పేగుల్లో కూర్చుంటుంది. దగ్గు ఉండదు, తెమడ పరీక్షలో దొరకదు. మెడలో గడ్డలని నెలల తరబడి పసర్లు కట్టించుకుని వచ్చేవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. వాళ్లలో ఎందరిది పశువుల రకమో తేల్చే పరీక్ష మామూలుగా చేయం. అది చేయాలని నేను ఎప్పటి నుంచో అడుగుతున్నాను, ఎందుకంటే మందు మారుతుంది. క్షయకు మొదటి రెండు నెలలు ఇచ్చే నాలుగు మందుల్లో పైరజినమైడ్ ఒకటి. బోవిస్ మీద అది పుట్టుకతోనే పనిచేయదు.

పాడి రైతు: మరి పాలు మానేయాలా మేడం?

ఛాతీ వైద్యురాలు: అక్కర్లేదండీ. పొంగు వచ్చేదాకా కాచండి, చాలు. క్రిమి చచ్చిపోతుంది. పిల్లలకు బలమని పొదుగు దగ్గరే గ్లాసు పట్టి నురగ పాలు తాగిస్తారు చూడండి, అది మానేయండి. ఇంకో సంగతి. మనిషి నుంచి జంతువుకూ వెళుతుంది. ఇంట్లో క్షయ ఉన్నవాళ్లు మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొట్టంలో పడుకోవద్దు, పశువుల దాణా దగ్గర ఉమ్మవద్దు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. మన దగ్గర పెంపుడు ఏనుగులకు మనుషుల క్షయ సోకిన సందర్భాలు ఉన్నాయి.

పశువైద్యుడు: మనిషి దగ్గరి నుంచి సింహానికి జబ్బు వెళ్లడానికి మన హైదరాబాదే సాక్ష్యం. 2021 మేలో నెహ్రూ జూ పార్కులోని ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా వచ్చింది. హైదరాబాద్‌లోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ప్రయోగశాల నిర్ధారించింది. అవి కోలుకున్నాయి.

వ్యాఖ్యాత: సింహాన్ని పరీక్షించడం ఎలా? తెమడ అడగలేం కదా.

పశువైద్యుడు: (నవ్వారు) క్రూగర్‌లో చేసే పద్ధతి చెబుతాను. చీకటి పడ్డాక ఒక కళేబరాన్ని చెట్టుకు కట్టేస్తారు. దున్న దూడ బాధతో అరిచే శబ్దాన్ని రికార్డు పెట్టి వినిపిస్తారు. మంద వస్తుంది. మత్తు సూది తుపాకితో ఒక్కొక్కదాన్నీ పడగొట్టి, మెడ మీద రెండు చోట్ల వెంట్రుకలు గొరిగి, చర్మపు మడతను కొలబద్ద పరికరంతో పట్టి మందం రాసుకుంటారు. ఆ రెండు చోట్లా ట్యుబర్‌క్యులిన్ అనే ద్రవాన్ని చర్మం పొరల్లోకి ఎక్కిస్తారు. ఒకటి పశువుల క్షయ క్రిమిది, ఒకటి పక్షుల రకానిది, రెండిటినీ పోల్చి చూడటానికి. అసలు కష్టం ఇప్పుడు మొదలవుతుంది. మూడు రోజుల తర్వాత అదే సింహాన్ని మళ్లీ పట్టుకుని అదే మడతను కొలవాలి. కాబట్టి అప్పటిదాకా దాన్ని కంచెలో ఉంచాలి, లేదా తిండి వేస్తూ ఆ చోటు వదలకుండా చూడాలి. మెడలో రేడియో పట్టీ ఉంటే కొంత నయం. ఇప్పుడు రక్తంతో చేసే పరీక్షలూ వచ్చాయి, ఒకసారి మత్తిస్తే సరిపోతుంది. అయినా మత్తు ప్రతిసారీ ప్రమాదమే.

పాడి రైతు: మా ఊళ్లో ఆవులకూ ఇదే చేశారు సారూ. మెడ మీద సూది వేసి, మూడు రోజుల తర్వాత వచ్చి కొలుస్తామన్నారు.

పశువైద్యుడు: ఆ, అదే పరీక్ష.

వ్యాఖ్యాత: ఏం తేలింది?

పాడి రైతు: మూడో రోజుకు సగం పశువులు దొడ్డిలో లేవండీ. అడవికి తోలుకెళ్లారు. ఎందుకో నేను చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. సూది చోట వాపు వస్తే ఆవుకు క్షయ అంటారు. క్షయ ఉన్న ఆవు పాలు కేంద్రంలో పోయించుకోరని భయం. ఊళ్లో తెలిస్తే ఎవరూ కొనరు. ఆవును చంపే మాట మా ఇళ్లలో ఎవరూ ఎత్తరు. అప్పుడు రైతు ఏం చేస్తాడు? పక్క మండలం అంగడికి తీసుకెళ్లి అమ్మేస్తాడు. కొన్నవాడి దొడ్డిలో ఇంకో ఇరవై గొడ్లుంటాయి.

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. ఈ చర్చ మొత్తంలో ముఖ్యమైన మాట ఇదేనని మాకు అనిపించింది.)

ఛాతీ వైద్యురాలు: ఆయన చెప్పింది మా దగ్గరా చూశాను. నలభై ఏళ్ల కింద మనిషికి క్షయ అంటే ఇలాగే దాచేవారు. ఉచితంగా మందులు, ఇప్పుడు నెలనెలా పోషకాహారానికి డబ్బు, వీటితోనే జనం బయటికి వస్తున్నారు. చెబితే నష్టం, దాస్తే లాభం అయినంతకాలం ఎవరూ చెప్పరు.

పశువైద్యుడు: పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో కేంద్రం చట్టం చేసింది. ప్రకటించాల్సిన జబ్బుల పట్టికలో పశువుల క్షయ ఉంది. చట్టం ప్రకారం యజమాని తెలియజేయాలి.

పాడి రైతు: తెలియజేసినవాడి ఆవు సంగతి ఆ చట్టం చూస్తుందా సారూ?

పశువైద్యుడు: అక్కడే లోటు ఉంది. కొన్ని దేశాలు పరీక్షలో తేలిన పశువును వధించి, యజమానికి డబ్బు కట్టి, దశాబ్దాల పాటు పట్టుదలగా చేసి క్షయను వదిలించుకున్నాయి. వధ మన దగ్గర కుదరదు. కుదిరేది వేరుచేయడం. సోకిన ఆవును మందలో నుంచి తీసి, వేరే నీటి తొట్టి, వేరే కొట్టం పెట్టి, జీవితాంతం పోషించాలి. ఆ ఖర్చు రైతు మీద వేస్తే జరగదు. దాన్ని ప్రభుత్వం భరించాలి, బదులుగా రైతుకు పరీక్షించిన పశువును ఇవ్వాలి. నేను పదవిలో ఉన్నప్పుడు ఎన్నో సమావేశాల్లో ఇదే చెప్పాను, ఇప్పుడూ ఇదే చెబుతున్నాను. అడవి అంచున ఉన్న ఊళ్లతో మొదలుపెడితే అంత పెద్ద ఖర్చు కాదు.

అటవీ అధికారి: నా అభిప్రాయం వేరు. అసలు పశువులు అభయారణ్యం లోపలికి రాకూడదు. ఏటూరునాగారం 1950ల నుంచి అభయారణ్యం. వేసవిలో కుంటలన్నీ ఎండిపోయి ఒకటో రెండో మిగిలినప్పుడు చూడండి, పొద్దున గొడ్లు దిగి పేడ వేసిన నీళ్లలోనే సాయంత్రం కణుజులు, దుప్పులు, అడవిదున్నలు తాగుతాయి. దీన్ని ఆపకుండా పరీక్షలు ఎన్ని చేసినా లాభం లేదు.

పాడి రైతు: మేపకుండా ఎలా బతకాలి సారూ? మాకు చెలకలో గడ్డి ఎక్కడిది? తాతల కాలం నుంచి ఆ దారినే తోలుతున్నాం.

అటవీ అధికారి: మిమ్మల్ని ఆ అడవి నుంచి పొమ్మనడం లేదు. మే నెలలో ఊరి చెరువు దగ్గర తొట్లు కట్టించి నీళ్లు నింపితే, కనీసం ఆ రెండు నెలలు గొడ్లు లోపలి కుంటకు రావాల్సిన పని ఉండదు. ఇది చేయగలిగిన పని. నేను ఉన్నప్పుడు రెండు మూడు చోట్ల చేయించాను, ఎండాకాలం పశువుల రాక తగ్గింది.

పాడి రైతు: నీళ్లు పెడితే మేమెందుకు వెళతాం! ఎండలో అంత దూరం తోలడం మాకు మాత్రం ఇష్టమా?

వ్యాఖ్యాత: ముసలి ఎద్దుల సంగతి కూడా మాట్లాడుకోవాలి. పని చేయలేనివాటిని అడవిలో వదిలేస్తారు కదా?

పాడి రైతు: వదులుతారు, దాచడం ఎందుకు. మేపే స్తోమత లేక వదులుతారు. పులికో, చిరుతకో పోతుంది.

పశువైద్యుడు: ఇదే ఇందాక నేను చెప్పిన క్రూగర్ దారి. ఛత్తీస్‌గఢ్‌లోని ఇంద్రావతి వైపు నుంచి గోదావరి దాటి వచ్చే పులికి, మహారాష్ట్రలోని తడోబా నుంచి కాగజ్‌నగర్ వైపు దిగే పులికి మొదట దొరికేది వెనకబడిన గొడ్డే. దానికి క్షయ ఉంటే? పులి సింహంలా మందగా ఉండదు కాబట్టి ఒకదాని నుంచి మరోదానికి అంత సులువుగా పాకదు, అది మన అదృష్టం. కానీ తల్లి పులి మూడు పిల్లలతో అదే కళేబరం తింటుంది. తెలంగాణలో మనకున్న పులులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఒక్క తల్లి పోయినా తీరని నష్టం.

వ్యాఖ్యాత: పులి చనిపోతే శవపరీక్ష చేస్తున్నారు కదా, క్షయ చూస్తున్నారా?

అటవీ అధికారి: నిబంధనల ప్రకారం కమిటీ ముందు శవపరీక్ష జరుగుతుంది. నిజం చెప్పాలంటే మా కళ్లు ముందు వేట మీదే ఉంటాయి. గోళ్లు, కోరలు, మీసాలు, చర్మం అన్నీ ఉన్నాయా, ఉచ్చు ఉందా, తూటా ఉందా, విషం ఉందా. కడుపులోని పదార్థం, కాలేయం ముక్క పంపుతాం. చివరికి కళేబరాన్ని దహనం చేస్తాం.

పశువైద్యుడు: దహనం అయ్యాక మళ్లీ చూసే అవకాశం లేదు. ఊపిరితిత్తి నుంచి, ఛాతీ గ్రంథుల నుంచి రెండేసి ముక్కలు, ఒకటి కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో, ఒకటి మంచుపెట్టెలో. పది నిమిషాల పని. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ల వన్యప్రాణి ప్రయోగశాల ఉంది. దారి లేక కాదు. కారణం విషమని తేలిన జంతువులో కూడా ఈ ముక్కలు తీయాలి. లోపల ఏముందో తెలిసేది అప్పుడే.

అటవీ అధికారి: ఇది నేను ఒప్పుకుంటాను. రాసి ఇవ్వండి, ఇప్పుడున్న అధికారులకు నేనే స్వయంగా అందిస్తాను.

వ్యాఖ్యాత: ఒక ప్రశ్న చాలామంది పంపారు. జబ్బుపడిన సింహానికి మందు ఇవ్వవచ్చు కదా?

పశువైద్యుడు: అడవిలో కుదరదు. మనిషికే రోజూ మాత్రలు ఆరు నెలలు. సింహానికి రోజూ ఎవరు ఇస్తారు? మధ్యలో ఆగితే మందుకు లొంగని క్రిమి తయారవుతుంది. బంధించి పెట్టిన జంతువుకు కూడా చాలాచోట్ల నొప్పి లేని మరణమే ఇస్తారు. టీకా మీద పని జరుగుతోంది.

ఛాతీ వైద్యురాలు: టీకా అంటే ఒక్క మాట. మన పిల్లలకు పుట్టగానే భుజానికి వేసే బీసీజీ ఈ పశువుల క్రిమి నుంచే తయారైంది. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ పదమూడేళ్ల పాటు దాన్ని మళ్లీ మళ్లీ పెంచుతూ కోరలు తీసేశారు. 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. అంటే ఆవుకు మనం చాలా రుణపడి ఉన్నాం.

అటవీ అధికారి: మందు విషయంలో కొందరు ప్రకృతికి వదిలేయండి అంటారు. ఉచ్చు, విషం మనవి, వాటికి బాధ్యత మనది. జబ్బు ప్రకృతిది అని.

పశువైద్యుడు: ఆ వాదన నేను ఒప్పుకోను. క్రూగర్ దున్నకు క్షయ ప్రకృతి ఇవ్వలేదు, మనిషి పెంచిన పశువు ఇచ్చింది. సెరెంగెటి సింహానికి డిస్టెంపర్ ఊరకుక్క ఇచ్చింది. గిర్ సింహాలన్నిటినీ ఒకే ప్రాంతంలో ఉంచింది మన నిర్ణయమే. వాటిని మధ్యప్రదేశ్‌లోని కునో అడవికి కూడా పంపాలని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. కునోకు 2022లో చీతాలు వచ్చాయి, సింహాలు ఈనాటికీ రాలేదు. 2025 లెక్కల్లో గుజరాత్ సింహాలు 891. సంఖ్య పెరిగినందుకు నాకు సంతోషమే. కానీ అన్నీ ఒకే రాష్ట్రంలో, ఊళ్ల మధ్య, పశువుల మధ్య తిరుగుతున్నాయి. అక్కడ ఒక జబ్బు లోపల లోపల పాకుతుంటే ఎన్నేళ్లకు బయటపడుతుంది? ఆ ఆలోచనతో నాకు నిద్ర పట్టదు.

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. భూపాలపల్లి నుంచి ఒక ప్రేక్షకురాలు అడుగుతున్నారు: అడవి దారిలో చచ్చిన జంతువు కనబడితే ఏం చేయాలి, ఊరి కుక్కల సంగతేమిటి?

అటవీ అధికారి: చేత్తో ముట్టవద్దు. ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, మీ బీట్ అధికారికి ఫోన్ చేయండి. కోసి మాంసం పంచుకోవడం ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి, అది నేరం కూడా.

పశువైద్యుడు: కుక్కలకు రేబిస్ టీకా ఒక్కటే వేయించి ఊరుకుంటున్నారు. అడవి అంచు ఊళ్లలో డిస్టెంపర్ టీకా కూడా కలిపి వేయించాలి. పశువుల కాపరి వెంట అడవికి వెళ్లే కుక్కలకు ముందు.

పాడి రైతు: సారూ, నాకొక మాట చెప్పి వెళ్లండి. సూది పరీక్షకు నా పశువులన్నిటినీ మూడు రోజులూ దొడ్డిలోనే కట్టేస్తాను. ఊళ్లో ఇంకో పది ఇళ్లవాళ్లను కూడా ఒప్పిస్తాను. కానీ ఆ మూడు రోజుల మేత ఎవరిస్తారు? తేలిన ఆవు పేరు ఊరికి చాటకుండా ఉంటారా?

పశువైద్యుడు: ఫలితం యజమానికి మాత్రమే చెప్పేలా నేను మాట్లాడి చూస్తాను. మేత గురించి జిల్లా పశుసంవర్ధక అధికారిని మీరూ నేనూ కలిసి అడుగుదాం. సోమవారం ములుగులో కలుసుకుందామా?

పాడి రైతు: సోమవారం వద్దు సారూ, పాల డబ్బులిచ్చే రోజు. మంగళవారం వస్తాను.